గేటు కాడ డ్యూటీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఏటీఎం కాడ రాత్రంతా ఒక్కడే కూసునే గార్డు గురించి నాలుగు ముక్కలు రాసిన, ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల సగం సెక్యూరిటీ వాళ్లవే, ఇంకొన్ని సెక్యూరిటీ వాళ్లతోని ఇబ్బంది పడ్డోళ్లవి. నేను వకీలును కాదు, ముందే చెప్తున్న. హన్మకొండల ఒక ఏజెన్సీల తొమ్మిదేండ్లు ఫీల్డ్ ఆఫీసర్‌గ పాయింట్లు, అంటే గార్డులు డ్యూటీల నిలబడే జాగలు, తిరిగిన. రాత్రి రెండింటికి ఎనుమాముల దిక్కు కోల్డ్ స్టోరేజీల కాడికి బండి మీద పోయి, కుర్చీల నిద్రపోయిన గార్డును చూసి, వాడు పొద్దటి డ్యూటీ కూడా చేసొచ్చిండని తెలుసు కాబట్టి లేపకుండనే రిజిస్టర్‌ల సంతకం పెట్టి వచ్చిన రోజులు కూడా ఉన్నయి. అందుకే ఈ సంగతులు నాకు చట్టం పుస్తకం కంటే ముందు మనుషుల మొహాలతోని గుర్తుకొస్తయి.

ప్రశ్న: అన్నా, నేను బట్టల షాపుల గార్డును, ఏజెన్సీ తరఫున. రోజుకు పన్నెండు గంటలు. పోయిన నెల స్టాక్‌ల ఆరు చీరలు తక్కువ వచ్చినయని నా జీతంల 4,500 కోసిండ్రు. నేను ఉండేది గేటు కాడ, గోదాం తాళాలు నా దగ్గర ఉండవు. అడిగితే జాయినింగ్ అప్పుడు సంతకం పెట్టినవ్ కదా అంటున్నరు.
(పేరు రాయొద్దన్నరు, కాజీపేట)

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ సంతకం భయం తీసెయ్యి. జాయినింగ్ అప్పుడు పదిహేను కాయితాల మీద సంతకాలు తీసుకుంటరు, అందుల ఏమున్నా సరే చట్టం ఇచ్చిన హక్కు సంతకంతోని పోదు. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లకొచ్చింది, దానికంటే ముందున్న 1936 నాటి చట్టంల కూడా ఇదే మాట ఉండె. నష్టం పేరుతోని జీతం కొయ్యాలంటే ఆ సామాను నీకు అప్పగించి ఉండాలె, అది నీ నిర్లక్ష్యం వల్లనే పోయి ఉండాలె, కోసే ముందు నీ మాట చెప్పుకునే అవకాశం నీకు ఇయ్యాలె. నీ విషయంల ఈ మూడిట్ల ఒక్కటన్న జరిగిందా? జుర్మానా అయితే ఆ నెల జీతంల 3 శాతం దాటొద్దు, అంటే 12,000 జీతగానికి 360 రూపాయలు, అదన్నా సర్కారు ఒప్పుకున్న తప్పుల లిస్టుల ఉంటెనే.

ఇంక పన్నెండు గంటల మాట. ఎనిమిది గంటలు దాటిన ప్రతి గంటకు డబుల్ రేటు రావాలె. మన దగ్గర ఏం చేస్తరంటే పన్నెండు గంటలనే ఒక డ్యూటీ అని పేరు పెట్టి దానికి ఒక్కటే రేటు కడ్తరు, నేను పనిచేసిన దగ్గర కూడ అట్లనే ఉండె, ఆ మస్టర్లు రాసింది నేనే, ఇప్పుడు తలుచుకుంటే కడుపుల కలుక్కుమంటది. జీతం స్లిప్ అడుగు, అపాయింట్‌మెంట్ లెటర్ అడుగు. 21,000 లోపు జీతం ఉంటే ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉండాలె, నీ నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం, కొంతమంది రెండూ నీ జీతంల నుంచే గుంజుతరు, స్లిప్ చూస్తెనే తెలుస్తది.

ఏజెన్సీ ఇయ్యకపోతే షాపాయన తప్పించుకోలేడు, నువ్వు పనిచేసే సంస్థ యజమాని మీదికి కూడా ఆ బాకీ వస్తది. అర్జీ రాసి డ్యూటీ చార్ట్ ఫొటో జతచేసి లేబర్ ఆఫీసుల ఇయ్యి, రసీదు తీసుకో. కార్మిక చట్టాలు తప్పితే ఏజెన్సీ లైసెన్స్ కూడా రద్దు చెయ్యొచ్చని సెక్యూరిటీ ఏజెన్సీల చట్టంలనే ఉన్నది, అర్జీల ఆ ఒక్క లైను రాయి, ఫోన్ తప్పకుండ వస్తది.

ప్రశ్న: మా బాబుకు పదిహేడేండ్లు, ఇంటర్. సూపర్ మార్కెట్‌ల చాక్లెట్ జేబుల పెట్టుకున్నడని గార్డు పట్టుకొని స్టోర్ రూంల రెండు గంటలు కూసోబెట్టిండు, ఫోన్ గుంజుకున్నడు, వీడియో తీసిండ్రు. ఆ వీడియో మా వాడకట్టు గ్రూపుల తిరుగుతున్నది. బాబు కాలేజీకి పోతలేడు. తప్పు మా పిల్లగాడిదే కావొచ్చు, గని ఇట్ల చెయ్యొచ్చా?
(ఒక తల్లి, హన్మకొండ)

జవాబు: చెయ్యొద్దు అక్కా. పిల్లగాడు తప్పు చేసిండా లేదా అనేది వేరే ముచ్చట, వాళ్లు చేసింది మాత్రం తప్పే.

గార్డుకు పోలీసు అధికారం ఏమీ ఉండదు. రోడ్డు మీద పోయే మీకు నాకు ఎంత అధికారం ఉన్నదో ఆయనకూ అంతే. మామూలు మనిషి ఇంకో మనిషిని ఎప్పుడు పట్టుకోవచ్చో పాత సీఆర్‌పీసీ జాగల వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్‌ల ఉన్నది: కండ్ల ముందు పెద్ద నేరం, అంటే పోలీసులు వారంట్ లేకుండ పట్టుకునేది, బెయిల్ హక్కుగా రానిది, జరిగితెనే. పట్టుకున్నంక ఆలస్యం చెయ్యకుండ పోలీసులకు అప్పజెప్పాలె, ఎట్లైనా ఆరు గంటలు దాటొద్దు. ఆరు గంటలున్నయి కదా కూసోబెడ్తం అంటే కుదరదు. స్టోర్ రూంల పెట్టి, ఇంటికి ఫోన్ చెయ్యనియ్యకుండ, పోలీసులకూ చెప్పకుండ ఉంచితే అది అక్రమ నిర్బంధం, పాత ఐపీసీ జాగల వచ్చిన న్యాయ సంహిత 127వ సెక్షన్, ఏడాది దాకా జైలు పడొచ్చు. అసలు 5,000 లోపు సొత్తు దొంగతనంల మొదటిసారి దొరికి వస్తువు తిరిగిచ్చినోళ్లకు సమాజ సేవ అనే శిక్ష పెట్టింది చట్టం. కోర్టే అంత జాలి చూపిస్తుంటే, చాక్లెట్ కోసం పిల్లగాని మొహం ఊరంతా తిప్పుడేంది?

ఆ వీడియో సంగతి ఇంకా పెద్దది. డ్యూటీల తెలిసిన విషయం ఏదైనా గార్డు బయట చెప్పొద్దని సెక్యూరిటీ చట్టం 18వ సెక్షన్ చెప్తది, పోలీసులు అడిగితే, చట్టం అడిగితే తప్ప. మీరు స్టేషన్‌ల ఫిర్యాదు ఇయ్యండి, పిల్లగాని వయసు మొదటి లైన్లనే రాయండి, పద్దెనిమిది నిండలేదు కాబట్టి చట్టం ముందు ఆయన బాలుడే. వీడియో ఎవరి నుంచి వచ్చిందో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఒక్క మాట, గార్డు ఒక్కన్నే అడిగి వదిలిపెట్టకండి, మేనేజర్ చెప్తెనే చేస్తడు వాడు, కేసు అయినప్పుడు మాత్రం మేనేజర్ కనపడడు. కాలేజీకి బాబును మీరే ఒక వారం తోలుకపోండి, నాకైతే అదే ముందు అనిపిస్తున్నది.

ప్రశ్న: మా బాపు ఆర్మీల చేసి రిటైర్ అయిండు. ఇద్దరం కలిసి ఏజెన్సీ పెట్టి రెండేండ్లు, ముప్పై మంది గార్డులున్నరు. జీఎస్టీ, పాన్ అన్నీ ఉన్నయి. ఇప్పుడు ఒక ప్రైవేట్ హాస్పిటల్ టెండర్‌ల లైసెన్స్ నంబర్, 'నియమావళి' రెండూ అడిగిండ్రు. నెట్‌ల ఒకటి కాపీ చేసి పెడితే నడుస్తదా? జిన్నింగ్ మిల్లు వాళ్లు క్యాష్ తెచ్చే బండికి గార్డులను కూడా అడుగుతున్నరు.
(వరంగల్)

జవాబు: తమ్మీ, నీ ఉత్తరం చదివి నాకు చెమట పట్టింది. జీఎస్టీ ఉంటే లైసెన్స్ ఉన్నట్టు కాదు. 2005ల చేసిన ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, అదే మనోళ్లు పసారా అంటరు, 2006 మార్చి 14 నుంచి నడుస్తున్నది, దాని కింద లైసెన్స్ లేకుండ ఒక్క గార్డును పెట్టినా నేరమే, ఏడాది దాకా జైలు, లేదా 25,000 దాకా జుర్మానా, లేదా రెండూ. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర హోం శాఖల కంట్రోలింగ్ అథారిటీ, అప్లికేషన్ ఆన్‌లైన్‌ల వేసుకోవచ్చు, చట్టం పెట్టిన ఫీజు ఒక జిల్లాకైతే 5,000, ఐదు జిల్లాల దాకా 10,000, మొత్తం రాష్ట్రానికి 25,000, ఐదేండ్లు నడుస్తది. కాయితాలన్నీ సరిగ్గ ఉంటే 60 రోజులల్ల తేల్చాలని చట్టంలనే ఉన్నది. ముందు ఇది పట్టు, టెండర్ మల్లొస్తది. బాపు మాజీ సైనికుడు కాబట్టి ఆయన అనుభవం ట్రైనింగ్‌కు, సూపర్‌విజన్‌కు మస్తు పనికొస్తది, లైసెన్స్‌కు బదులు మాత్రం కాదు.

గార్డులకు 18 నుంచి 65 లోపు వయసు, పోలీసు వెరిఫికేషన్, ట్రైనింగ్. కేంద్రం ఇచ్చిన మోడల్ రూల్స్‌ల 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్, కనీసం 20 పనిదినాలు అని ఉన్నది, మాజీ సైనికులకు తక్కువ. మన దిక్కు ఏం జరుగుతది? పొద్దున ఆఫీసుకొస్తడు, ఆధార్ జిరాక్స్ ఇస్తడు, మాపటికి యూనిఫాం తొడుక్కొని పాయింట్ల నిలబడ్తడు. మంటలార్పే సిలిండర్ పిన్ను ఎట్ల గుంజాలో తెల్వని మనిషిని హాస్పిటల్‌ల ఐసీయూ ముందట పెడ్తం. తమ్మీ, ఇది నేను కూడా చేసిన, నువ్వు చెయ్యకు.

యూనిఫాం రంగు చూసుకో. పోలీసు, మిలిటరీ యూనిఫాం లెక్క కనపడే డ్రెస్ వేస్తే గార్డు మీదా యజమాని మీదా ఇద్దరి మీదా కేసే. రామగుండం ఎన్టీపీసీ గేటు కాడ ఉండే సీఐఎస్ఎఫ్ జవాన్లను చూసి అట్లనే కుట్టియ్యాలని చాలామందికి ఉంటది, వాళ్లు కేంద్ర బలగం, వాళ్ల చట్టం వేరే, మనకు సాటి కాదు. లెటర్‌హెడ్ మీద సర్కారు సంస్థ అనిపించేటట్టు ముద్ర గుద్దినా లైసెన్స్ పోతది.

ఇంక నియమావళి, అంటే గార్డులు ఎట్ల నడుచుకోవాల్నో రాసిన కాయితం. కాపీ కొట్టకు. నెట్‌ల దొరికేవి ఎక్కువ ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల తుపాకులతోని పనిచేసే కంపెనీల కోసం రాసినయి. అవి ఎందుకొచ్చినయో తెలుసుకుంటే మాత్రం మంచిది. 2007 సెప్టెంబర్ 16న బాగ్దాద్‌ల నిసూర్ చౌరస్తా కాడ బ్లాక్‌వాటర్ అనే అమెరికా కంపెనీ గార్డులు కాల్పులు జరిపితే 17 మంది మామూలు జనం చచ్చిపోయిండ్రు, అప్పట్ల ఇరాక్ చట్టం ఆ కాంట్రాక్టర్ల మీద నడవకుండ ఆర్డర్ ఉండె. తర్వాత ఏడాది స్విట్జర్లాండ్, రెడ్‌క్రాస్ కమిటీ కలిసి మాంట్రూ డాక్యుమెంట్ తెచ్చినయి, యుద్ధం దగ్గర పనిచేసే ప్రైవేట్ సెక్యూరిటీ కంపెనీల విషయంల దేశాల బాధ్యతలేందో చెప్పే కాయితం అది, 17 దేశాలు ఒప్పుకున్నయి. 2010ల కంపెనీల కోసం అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళి వచ్చింది, మొదటి రోజు 58 కంపెనీలు సంతకం పెట్టినయి. అందుల అసలు మాట సింపులే: బలం వాడకుండ ఉండెటట్టు చూడు, తప్పకపోతే అవసరం ఉన్నంతే, ఎదురుగ ఉన్న ముప్పుకు తగ్గంతే, తుపాకి అయితే ప్రాణం మీదికి వచ్చినప్పుడే. ఆ ఒక్క మాట తీసుకో, మిగిలింది నీ హాస్పిటల్ చూసి రాయి.

ఎట్లంటే, నువ్వు, బాపు ఒక రాత్రి క్యాజువాల్టీ ముందట కూసోండి. పేషెంట్ చనిపోయిండని యాభైమంది చుట్టాలు ఊరి నుంచి ఆటోలల్ల దిగుతరు, ఏడుస్తరు, అద్దం పగలగొడ్తరు. అప్పుడు గార్డు ఏం చెయ్యాలె? ఇది రాయి. లాఠీ ఎత్తొద్దు, డాక్టరును లోపలికి పంపి తలుపు మూసి మధ్యల నిలబడాలె, వందకు ఫోన్ ఎవరు చేస్తరు, ఇంట్ల పెద్దమనిషిని ఎవరు పక్కకు తీసుకపోతరు. ఆడోళ్లను ఆడ గార్డే తనిఖీ చెయ్యాలె, ఇష్టం లేదంటే మీద చెయ్యి వెయ్యొద్దు, లోపలికి పంపుడా లేదా అనేది హాస్పిటల్ వాళ్లు చూసుకుంటరు. వార్డులకు పంపుటానికి ఇరవై రూపాయలు తీసుకుంటే ఏం శిక్ష, జీతం టైముకు ఇస్తవా లేదా కూడా అందులనే రాయి, ఎందుకంటే ఆ ఇరవై రూపాయలు ఎక్కడి నుంచి మొదలైతయో నీకు నాకు తెలుసు.

ఇంకొకటి ఎవ్వరూ రాయరు. డ్యూటీల గార్డు ఏదైనా చట్టం తప్పింది చూస్తే పైవాడికి చెప్పాలె, పైవాడు పోలీసులకు చెప్పాలె, ఇది 18వ సెక్షన్‌లనే ఉన్నది. అంటే హాస్పిటలే తప్పు చేస్తున్నా అంతే. నీ క్లయింట్ కదా అని నోరు మూసుకోమంటవా? దీనికి జవాబు రాసినంకనే సంతకం పెట్టు. మొత్తం రెండు పేజీలు దాటొద్దు, తెలుగుల ఉండాలె, పాయింట్ కాడ గోడకు అంటియ్యాలె, గార్డుకు చదివి వినిపియ్యాలె.

క్యాష్ బండి పని ఇప్పుడే పట్టకు. 2018ల దానికి ప్రత్యేకంగ రూల్స్ వచ్చినయి: ఒక ట్రిప్పుల 5 కోట్లు దాటొద్దు, డ్రైవర్ కాకుండ తుపాకులున్న గార్డులు ఇద్దరు, జీపీఎస్, ఏటీఎంల డబ్బు పెట్టుడు పట్నంల రాత్రి 9 దాటినంక, పల్లెల్ల సాయంత్రం 6 దాటినంక, నక్సల్ ప్రభావిత ప్రాంతాల్ల 4 దాటినంక వద్దు. తుపాకి లైసెన్స్ పట్టుకున్న మనిషి పేరు మీద ఉండాలె. ఊర్ల ఎవరిదో పంట కాపలా తుపాకి తెచ్చి వ్యాన్ల కూసోబెట్టుడు నేను చూసిన, అది బాగ లేదు.

ప్రశ్న: ఏజెంట్ ఇరాక్‌ల సెక్యూరిటీ జాబ్ అంటున్నడు, లక్షా అరవై వేలు అడుగుతున్నడు, విజిట్ వీసా మీద పోయినంక మారుస్తరట. నేను టెన్త్ ఫెయిల్. పోవాల్నా?
(జగిత్యాల జిల్లా)

జవాబు: పోవద్దు. టెన్త్ పాస్ కాకపోతే నీ పాస్‌పోర్ట్ ఈసీఆర్, అంటే కొన్ని దేశాలకు పని మీద పోయే ముందు సర్కారు తనిఖీ కావాల్సింది, ఇరాక్‌కు పని మీద పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలె, విజిట్ వీసా అంటెనే ఆ క్లియరెన్స్ తప్పించుడు. రిజిస్టర్ అయిన ఏజెంట్ 30,000, దాని మీద జీఎస్టీ, అంతకంటే ఎక్కువ తీసుకోవద్దు. ఏజెంట్ నంబర్ ఈ-మైగ్రేట్ సైట్‌ల ఉన్నదో లేదో చూడు, విదేశాల ఉద్యోగాలు చూసే మన రాష్ట్ర సర్కారు సంస్థ టామ్‌కామ్‌ల కూడా అడుగు. సెక్యూరిటీ హెల్పర్ పని అని చెప్పి రష్యాకు తీసుకపోయి యుద్ధంల నిలబెట్టిండ్రు మన పిల్లలను, 2024ల హైదరాబాద్ పిల్లగాడు ఒకడు అక్కడ ప్రాణం పోగొట్టుకున్నడు, సీబీఐ కేసు కూడా పెట్టింది. కాంట్రాక్ట్ కాయితం ఇయ్యమను, జీతం, గంటలు, ఆయుధం పట్టాల్నా, దెబ్బ తగిలితే దవాఖాన ఎవరిది అని అందుల ఉన్నదా చూడు. ఇయ్యకపోతే పైసలు ఇంట్లనే ఉంచు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవంటే ఏ అకౌంట్‌కు వేసినవో ఆ స్లిప్‌తోని జిల్లా పోలీసుల దగ్గరికి ఈ వారమే పో.