చెరువులో అల్యూమినియం పడవ: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నాది నర్సంపేట దగ్గర ఊరు. మా ఊరి మత్స్య సహకార సంఘంలో సభ్యుడిని. ఇన్నాళ్లూ థర్మాకోల్ తెప్ప మీదనే వలలు వేస్తున్నాను. అమెరికాలో ఉంటున్న మా చిన్నాయన కొడుకు తన అల్యూమినియం పడవ ఫోటోలు పంపించాడు. దాని మీదనే చేపలు పడతాడు, చలికాలంలో బాతుల వేటకూ పోతాడు. అటువంటి పడవ ఒకటి ఇక్కడ చేయించుకోవాలని ఉంది. ఎంత పొడవు ఉండాలి, ఏ రేకు వాడాలి, ఏ ఇంజిన్ పెట్టాలి? చలికాలంలో మా చెరువుకూ బాతులు బాగానే వస్తాయి కనుక రెండు పనులకూ పనికివచ్చేలా చెప్పగలరు.
— ఒక పాఠకుడు, నర్సంపేట

సమాధానం: ముందుగా బాతుల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ పడవ భవిష్యత్తు దాని మీదనే ఆధారపడి ఉంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం అడవి బాతులను వేటాడటం నేరం. ఆ చట్టం దృష్టిలో వేట అంటే తుపాకితో కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, వల వేసి పట్టడం, మందు పెట్టడం, వాటికోసం ప్రయత్నించడం, గూడును చెదరగొట్టి గుడ్లు తీయడం, అన్నీ వేట కిందికే వస్తాయి. ఒకప్పుడు చిన్న జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చేవారని మీ ఊరి పెద్దలు చెప్పవచ్చు, అది నిజమే. అయితే 1991లో చేసిన సవరణతో ఆ పద్ధతి పోయింది. నేరానికి వాడిన పడవను అధికారులు స్వాధీనం చేసుకుంటే, 39వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి అవుతుంది. మీకు దగ్గరలోని పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది. అభయారణ్యం లోపల వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది. చట్టం మాట అటుంచినా, హిమాలయాల మీదుగా ఎగిరి మన చెరువుల్లో చలికాలం గడపడానికి వచ్చే ఆ పక్షుల మీద చెయ్యి వేయవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. పడవను చేపల కోసమే చేయించుకోండి.

అయినా మీ తమ్ముడి పడవను చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. బాతుల వేటగాళ్లు నాచు, తుంగ నిండిన లోతులేని నీళ్లలో చప్పుడు లేకుండా, కదలకుండా నిలబడే పడవను కోరుకుంటారు. మన చెరువుల శిఖం వైపు, అంటే నీళ్లు తగ్గితే బయటపడే నేల వైపు, నీళ్లు కూడా అటువంటివే. అక్కడివాళ్లు ‘జాన్ బోట్’ అని పిలిచే ఆ పడవకు అడుగు చదునుగా, ముక్కు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. పద్నాలుగు అడుగుల పొడవు, అడుగు భాగంలో నలభై ఎనిమిది అంగుళాల వెడల్పు ఉన్నదాన్ని 1448 అంటారు. మీకు నేను సూచించేది ఆ కొలతే. మూడడుగుల వెడల్పున్నది చవకగా వస్తుంది, తేలికగానూ ఉంటుంది, కానీ ఇద్దరు మనుషులు ఒకే పక్కకు వంగి బరువైన వలను లాగేటప్పుడు అది ఒరిగిపోతుంది. చేపలు పట్టే పడవకు పొడవు కన్నా వెడల్పే ప్రాణం. దిగువ మానేరు, శ్రీరాంసాగర్ వంటి విశాలమైన జలాశయాల్లో గాలికి అలలు లేస్తాయి కనుక అక్కడైతే ముక్కు భాగం కొద్దిగా ‘వి’ ఆకారంలో ఉండాలి. ఊరి చెరువుకు చదును అడుగే మేలు.

ఎంతమంది ఎక్కవచ్చో తెలుసుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది. పడవ పొడవును, పైఅంచు దగ్గరి వెడల్పును అడుగులలో గుణించి, వచ్చినదాన్ని పదిహేనుతో భాగించాలి. పద్నాలుగు అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు ఉంటే డెబ్బై వస్తుంది, పదిహేనుతో భాగిస్తే నలుగురి కన్నా కొంచెం ఎక్కువ, అంటే నలుగురే. అది నిలకడ నీళ్లలో, ఖాళీ చేతులతో ఎక్కే మనుషుల లెక్క. తడిసిన వలలు, చేపల బుట్టలు కూడా ఎక్కేటప్పుడు ఇద్దరికి మించి ఎక్కకండి.

రేకు విషయంలోనే ఎక్కువమంది మోసపోతారు. వంట గిన్నెలకు వాడే అల్యూమినియం రేకు మెత్తగా ఉంటుంది, పడవకు నిలవదు. కిటికీల చట్రాలకు వాడే రకం వేరు, అదీ అడుగుకు పనికిరాదు. పడవల అడుగుకు వాడే రకాలు 5052, 5083. ఇవి మెగ్నీషియం కలిసిన మిశ్రమాలు, నీటికి బాగా తట్టుకుంటాయి. రేకు కొనేటప్పుడు తయారీ సంస్థ ఇచ్చిన పరీక్షా పత్రాన్ని అడిగి తీసుకోండి, దాని మీద ఆ సంఖ్య లేకుంటే కొనవద్దు. మందం రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు చదరపు మీటరుకు 5.4 కిలోలు తూగుతుంది. అంతే మందమున్న ఇనుప రేకు పదిహేను కిలోలు దాటుతుంది, అల్యూమినియం వల్ల వచ్చే లాభమంతా ఇక్కడే ఉంది. అయితే మన చెరువుల్లో మునిగిపోయిన తుమ్మ మొద్దులు ఉంటాయి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు శిఖంలో మొలిచి ఎదిగిన తుమ్మలను నరికితే, వానకాలంలో ఆ మొద్దులు నీటి కిందికి పోయి కనిపించవు. వాటిని తాకితే పలుచని రేకు చిరుగుతుంది, మందపు రేకు సొట్ట పడి ఊరుకుంటుంది. అందుకని అడుగుకు మాత్రం మూడు మిల్లీమీటర్ల రేకు వేయించి, కింది వైపు పొడవునా మూడు నాలుగు పట్టీలు అతికించండి. దీనితో బరువు వంద కిలోలు దాటినా, అది వృథా బరువు కాదు.

రివిట్లు కొట్టించాలా, వెల్డింగు చేయించాలా అంటే, మంచి వెల్డర్ దొరికితే వెల్డింగే చేయించండి. అల్యూమినియం వెల్డింగుకు ఆర్గాన్ గ్యాస్ కావాలి, 5356 రకం తీగ వాడతారు. గేట్లు, గ్రిల్లులు చేసే షాపులోని మామూలు మిషను దీనికి చాలదు. అటువంటి పనివాడు అందుబాటులో లేకుంటే, వంకర వెల్డింగు కన్నా ఒత్తుగా కొట్టి, మధ్యలో సీలెంట్ పూసిన రివిట్లే నయం.

ఇక తేలుడు సంగతి. థర్మాకోల్ తెప్ప మునగదు కనుక మీరు ఇన్నాళ్లూ ఈ భయం ఎరగరు, కానీ అల్యూమినియం పడవ నీళ్లు నిండితే నేరుగా అడుగుకు పోతుంది. వంద కిలోల అల్యూమినియానికి నీళ్లలో సుమారు ముప్పై ఏడు కిలోల తేలుడు మాత్రమే వస్తుంది, మిగతా అరవై మూడు కిలోలను వేరే ఏదో మోయాలి. ఇంజిన్, బ్యాటరీ బరువు కూడా కలిపితే, కూర్చునే పలకల కింద మూసిన అరల్లో కనీసం నూట యాభై లీటర్ల ఫోమ్ ఉండాలి, అప్పుడే పడవ బోల్తా పడినా పట్టుకొని వేలాడటానికి వీలుంటుంది. ఈ అరల్లో మామూలు థర్మాకోల్ నింపవద్దు. పెట్రోలు తగిలితే అది కరిగిపోతుంది. నీరు పీల్చని రకం ఫోమ్ కావాలి. ఈ ఒక్క పనికి డబ్బు దండగ అనుకోకండి.

ఇంజిన్ కొనేముందు చెరువును ఒకసారి చూసుకోండి. నాచు, గుర్రపు డెక్క ఉన్నచోట మామూలు ప్రొపెల్లర్ చుట్టుకుపోతుంది, నీటిని పీల్చి చల్లబడే ఇంజిన్ నాచును కూడా పీల్చి వేడెక్కుతుంది. అటువంటి చోట్ల పొడవైన కడ్డీ చివర ప్రొపెల్లర్ ఉండే, గాలితో చల్లబడే ‘పొడుగు తోక’ ఇంజిన్ నయం, లోతు తక్కువైతే దాన్ని పైకి ఎత్తుకోవచ్చు. వెనుక పలకకు బిగించే రకం ఇంజిన్ తీసుకుంటే, పలక ఎత్తు పదిహేను అంగుళాలైతే పొట్టి షాఫ్టు, ఇరవై అంగుళాలైతే పొడవు షాఫ్టు కొనాలి. ప్రొపెల్లరుకు పైనుండే చదును పలక పడవ అడుగు మట్టానికి సమంగా రావాలి. ధర్మసాగర్ వంటి తాగునీటి జలాశయాల్లో బ్యాటరీ మోటారు మంచిది. అయిదు పదుల పౌండ్ల తోపుడు ఉన్న పన్నెండు వోల్టుల మోటారు నిండు వేగంలో సుమారు యాభై ఆంపియర్లు లాగుతుంది. వంద ఆంపియర్-అవర్ సీసపు బ్యాటరీతో రెండు గంటలు కూడా రాదు, నెమ్మదిగా నడిపితే చాలాసేపు వస్తుంది. ఏ మోటారు పెట్టినా తెడ్లు, గడ పడవలో ఉండాలి. బ్యాటరీని, పెట్రోలు డబ్బాను ముందుకు జరిపి పెట్టండి. ఇంజిన్, నడిపే మనిషి ఇద్దరూ వెనకనే ఉంటే ముక్కు గాలిలోకి లేస్తుంది.

కాగితాల విషయం: చెరువు మత్స్య సంఘానికి లీజుకు ఉన్నా పడవ వేసుకోవడానికి సంఘం తీర్మానం తీసుకోండి. పాకాలలో అటవీ శాఖ అనుమతి లేకుండా పడవ దించవద్దు. ఇంజిన్ ఉన్న పడవకు 2021 నాటి ఇన్లాండ్ వెస్సెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ అవసరమా అన్నది కొనేముందే మత్స్య శాఖ కార్యాలయంలో అడిగి, వారి జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

లోపలి రంగు లేత బూడిద వేయించండి, మెరిసే రేకు ఎండలో కళ్లను కొడుతుంది. అల్యూమినియానికి నేరుగా రంగు వేస్తే పెచ్చులూడుతుంది కనుక ముందు రంగు పట్టేలా చేసే ‘ఎచ్ ప్రైమర్’ అనే పూత పూయాలి. నేల మీద రబ్బరు మ్యాటు పరిస్తే అడుగుల చప్పుడు చేపలకు చేరదు, తడిలో కాలూ జారదు. రాత్రి వేసిన వలను తెల్లవారుజామునే ఎత్తేయండి. పగలంతా తుంగ పక్కన ఉన్న వలలో మునిగే బాతులు చిక్కి చచ్చిపోతాయి. ఏదైనా చిక్కి బతికి ఉంటే నెమ్మదిగా విడిపించి వదిలేయండి.

ప్రశ్న: మా సంఘం పడవకు స్టీలు బోల్టుల చుట్టూ తెల్లటి పొడి వస్తోంది. చెక్క పలక కింద ఒకచోట రేకు రంధ్రం పడింది. ఇది నీళ్ల దోషమా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: నీళ్ల దోషం కాదు. రెండు రకాల లోహాలు తడిలో ఒకదానినొకటి తాకితే మధ్యలో కరెంటు పారి, బలహీనమైన లోహం తినబడుతుంది. ఇక్కడ తినబడేది అల్యూమినియం. స్టీలు బోల్టులను విప్పి, నైలాన్ వాషర్లు, సీలెంటు పెట్టి మళ్లీ బిగించండి. ఇత్తడి, రాగి సామాను అల్యూమినియానికి తగలనే కూడదు. మీ పలక చెదలు పట్టకుండా రాగి మందు పట్టించిన చెక్క అయితే రంధ్రానికి కారణం అదే, దాన్ని తీసేసి రేకుకు తగలకుండా రబ్బరు పరచిన పలక వేయండి. పడవల అడుగుకు పూసే రాగి కలిసిన రంగులు కూడా అల్యూమినియానికి పనికిరావు. రంధ్రాన్ని లోపలి నుంచి అదే రకం రేకు ముక్కతో, మూసిన రకం రివిట్లతో అతికించండి.

ప్రశ్న: మా అబ్బాయి మిన్నెసోటాలో ఉద్యోగం చేస్తున్నాడు, వీసా మీద ఉన్నాడు. స్నేహితులతో కలిసి అల్యూమినియం పడవ కొని, చేపలకు, బాతుల వేటకు పోతానంటున్నాడు. నాకు భయంగా ఉంది. వద్దనాలా?
— ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: అమ్మా, అక్కడ అది చట్టబద్ధమైన పని, కానీ నియమాలు గట్టిగా ఉంటాయి. వీసా మీద ఉన్న విదేశీయులు వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. పడవ కన్నా ముందు ఈ సంగతి తేల్చుకొమ్మని చెప్పండి. రాష్ట్ర లైసెన్సుతో పాటు పదహారేళ్లు దాటినవారు ఇరవై అయిదు డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు కొనాలి. ఈ స్టాంపు 1934 నుంచి ఉంది. బాతుల మీద సీసపు గుళ్లు వాడటం 1991 నుంచి దేశమంతటా నిషేధం. మోటారు పూర్తిగా ఆపి, దాని ఊపు తగ్గి పడవ నిలిచాకే కాల్చాలి.

నాకైతే చట్టం కన్నా చలి ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. అక్కడ బాతుల కాలం నవంబరు దాకా సాగుతుంది, అప్పటికి నీళ్లు గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటాయి. అటువంటి నీళ్లలో పడితే మొదటి నిమిషంలో ఊపిరి ఎగపీలుస్తుంది, పది నిమిషాల్లో చేతులు, కాళ్లు పట్టు తప్పుతాయి, స్పృహ పోవడానికి గంట దాకా పట్టవచ్చు. ఈత ఎంత వచ్చినా ఆ పది నిమిషాల తర్వాత పనికిరాదు. ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉంటేనే ఆ గంటలో ఎవరైనా వచ్చి కాపాడగలుగుతారు. జాకెట్ పడవలో మడిచి పెట్టి ఉంటే లాభం లేదు, ఒంటి మీద బిగించుకోవాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు మన కడిపికొండ వాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు కనుక, ఈ మాట మీకు విడమరచి చెప్పనక్కరలేదు.

అక్కడ అమ్మే ఇరవై అడుగుల లోపు పడవల మీద ఎంతమంది, ఎంత బరువు, ఎంత హార్స్ పవరు అని రాసి ఉన్న ప్లేటు ఉంటుంది. వేటకు పోయేటప్పుడు దాక్కోవడానికి ఆకుల చాటు, బాతులను ఆకర్షించే ప్లాస్టిక్ బాతులు, కుక్క, తుపాకులు, దుస్తుల తడి బరువు అన్నీ ఎక్కుతాయి, అవేవీ మనుషుల లెక్కలోకి రావని చాలామంది మరిచిపోతారు. ఆ ప్లేటు ఫోటో తీసి పంపమని మీ అబ్బాయిని అడగండి. అతను, స్నేహితులు, సామాను, ఇంజిన్ అన్నీ కూడితే ప్లేటు మీద ఉన్న బరువులో నాలుగింట మూడు వంతులకు మించకుంటే వెళ్లనివ్వండి. వెళ్లే ప్రతిసారీ ఏ సరస్సు, ఏ రేవు, ఎన్ని గంటలకు తిరిగి వచ్చేదీ అక్కడ ఉన్న ఒక స్నేహితుడికి రాసి ఇచ్చి వెళ్లమనండి, ఆ వేళ దాటితే ఆయన అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి.