విజయనగరం పాతూరు చూడాలంటే కోట దగ్గర మొదలుపెట్టకండి

"విశాఖ నుంచి ఒక పూట కోసం విజయనగరం వస్తున్నాం. గైడు లేకుండా పాతూరంతా నడిచి చూడొచ్చా? కోట దగ్గర మొదలుపెడితే చాలా?" అని అడిగారు.

చూడొచ్చండి. ఒక పూట చాలు. గైడు అక్కర్లేదు, కారు అసలే వద్దు. కానీ కోట దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు అదే. కోట ముందు ఆటో దిగుతారు, గుమ్మం ముందు రెండు ఫొటోలు తీసుకుంటారు, "ఇంతేనా" అనుకుని పది నిమిషాల్లో వెళ్లిపోతారు. ఈ ఊరికి వెన్నుపూస, ఊరి అమ్మవారు పైడితల్లమ్మ ఉత్సవంలో సిరిమాను తిరిగే దారి. నడక ఆ దారిలో సాగితేనే కోటకీ గుడికీ ఉన్న బంధం అర్థమవుతుంది.

ముందు రోజు సంగతి. మంగళవారం వద్దు, అది అమ్మవారి వారం, గుడి దగ్గర కాలు పెట్టే చోటుండదు. ఆదివారమూ వద్దు, సంగీత కళాశాల మూగగా ఉంటుంది. బుధవారం నుంచి శనివారం లోపు పెట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఎండాకాలం వస్తే తొమ్మిది దాటాక ఉక్కపోతకి నడక సాగదు. మొత్తం నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది. చెప్పులు తేలిగ్గా విప్పుకునేవి వేసుకోండి, రెండు గుళ్లున్నాయి.

పొద్దున్న ఆరున్నరకల్లా రైలు దిగేలా చూసుకోండి. స్టేషనుకి దగ్గర్లోనే వనం గుడి. ఇక్కడొక మాట గుర్తుంచుకోవాలి. పైడితల్లమ్మకి ఊళ్లో రెండు గుళ్లు: స్టేషను వైపు వనం గుడి, ఊరి నడుమ మూడు లాంతర్ల దగ్గర చదురు గుడి. "పైడితల్లమ్మ గుడి" అని ఊరికే అడిగితే "ఏ గుడండీ, వనం గుడా, చదురు గుడా?" అని తిరిగి అడుగుతారు. అలా అడగని ఆటో అయితే దేని దగ్గర దింపుతుందో చెప్పలేం.

వనం గుడే ఎందుకు ముందంటే, కథ అక్కడే మొదలవుతుంది కాబట్టి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. గెలిచిన విజయనగరం రాజు పెద విజయరామరాజు తన గుడారంలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. పైడితల్లి ఆయన చెల్లెలనీ, కీడు ముందే చెప్పిందనీ, తర్వాత పెద్దచెరువులో అమ్మవారిగా వెలిసిందనీ ఊరి నమ్మకం. విగ్రహం చెరువులోంచి బయటికి తీశారు, వనం గుడి కట్టారు, ఊళ్లో జనం కోసం చదురు గుడి వచ్చింది. గెలిచిన ఊరు ఏటా గుర్తుచేసుకునేది ఆ గెలుపుని కాదు, ఆ ఆడపడుచుని. ఇది తెలియకుండా కోట గోడ చూస్తే అది ఉత్త గోడే.

అక్కడి నుంచి మూడు లాంతర్లకి నడవండి. పేరు విని పాత లాంతర్ల కోసం వెతక్కండి. 1869 నాటి ఆ స్తంభాన్ని 2020లో కూల్చేశారు. నూటయాభై ఏళ్లు వానకీ గాలికీ నిలబడ్డదాన్ని ఒక్క పూటలో నేలమట్టం చేశారు. ఊరికి పేరుగా మిగిలిన వస్తువుని కదిలించే ముందు ఊరిని అడగాలి. అడగకపోవడం తప్పే, ఎవరు చేసినా తప్పే.

ఆ కూడలిలో చదురు గుడి ముందు నిలబడి కోట వైపు రోడ్డు చూడండి. సిరిమాను తిరిగేది ఇక్కడే. విజయదశమి వెళ్లాక వచ్చే మొదటి మంగళవారం ఉత్సవం, ముందురోజు తొలేళ్లు అనే వేడుక. సిరిమాను అంటే యాభై అరవై అడుగుల చింతమాను. చెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. మొదలు బండి మీద ఆనించి, చివర ఆసనం కట్టి, అందులో పూజారి కూర్చుంటారు. మానుకి ముందు పాలధార, జాలరివల, తెల్లఏనుగు, అంజలిరథం అనేవి ఊరేగింపుగా నడుస్తాయి. మధ్యాహ్నం దాటాక కదిలి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. రాజవంశం వారు కోట బురుజు మీంచి చూస్తారు. జనం అరటిపళ్లు విసురుతారు, పైనున్న పూజారి ఒక్కసారిగా మేడల ఎత్తున కనిపిస్తారు.

ఆ రోజే రావాలనుకుంటే నడక ఆలోచన మానేయండి. మూడు లాంతర్ల దగ్గర నిలబడకండి, తోపులాటంతా అక్కడే. గుడికీ కోటకీ నడిమధ్యన, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట మధ్యాహ్నానికే చోటు చూసుకోండి. మొదటి తిరుగు అందలేదని తోసుకోవద్దు, ఇంకో రెండుసార్లు మీ ముందుకే వస్తుంది. పిల్లల్ని చంకనెత్తుకుని మాను దగ్గరికి మాత్రం వెళ్లకండి.

మామూలు రోజయితే చదురు గుడి నుంచి గంటస్తంభానికి రండి. 1885లో కట్టినది, ఎనిమిది పలకలు, 68 అడుగులు. పొద్దున్న ఎనిమిదిలోపే చూడాలి. దుకాణాలు తెరిచాక బళ్లు, గొడుగులు, ఫ్లెక్సీలు అడ్డం. కరెంటు తీగలు ఎప్పుడూ అడ్డమే, కాబట్టి దూరం నుంచి ఫొటో తీయాలని చూడొద్దు. దగ్గరికొచ్చి తల పైకెత్తండి. ఇడ్లీ, పెసరట్టు ఆ చుట్టుపక్కలే కానిచ్చేయండి, తర్వాత మళ్లీ వీలు దొరకదు.

ఇప్పుడు కోట. పునాది 1713లో. విజయ నామ సంవత్సరం, విజయదశమి, కట్టినాయన పేరు విజయరామరాజు, వారం జయవారమని మంగళవారం, ఊరి పేరు విజయనగరం: అయిదు విజయాలు కలిశాయని ఊళ్లో చెప్పుకుంటారు. గోడ ముప్పై అడుగుల ఎత్తు, నాలుగు మూలలా బురుజులు. తూర్పు గుమ్మం మీద నగారాఖానా ఉంది. రాజాజ్ఞ చాటడానికి, పెద్దలొస్తే స్వాగతం చెప్పడానికి నగారా మోగించేది అక్కడే. లోపల విద్యాసంస్థలు నడుస్తున్నాయి, కాబట్టి గేటు దగ్గర అడిగి, చూడనిచ్చినంత మేరే చూడండి. అసలు చేయాల్సింది వెలుపల గోడ పట్టుకుని చుట్టూ తిరగడం. పడమటి గుమ్మానికి నగారాఖానా హంగు లేదు. రాజకుటుంబంలో ఎవరైనా పోతే శవం బయటికెళ్లింది దాన్లోంచే. తూర్పున నగారా, పడమట చావు. ఈ తేడా ముందు గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్లకి తెలియదు.

కోట పక్కనే బొంకులదిబ్బ. గురజాడ నాటకం 'కన్యాశుల్కం'లో మొదటి రంగం జరిగేది అక్కడే. ఆ నాటకం మొదట ఆడింది కూడా ఈ ఊళ్లోనే, 1892లో. దిబ్బ దగ్గర ఇప్పుడు చూడ్డానికి కట్టడమేమీ లేదు, కనీసం ఒక బోర్డయినా ఉండాల్సింది. కాబట్టి రైల్లోనే ఆ రంగం చదువుకుని రండి.

పది దాటాక సంగీత కళాశాలకి వెళ్లండి. కోటకి దగ్గరే. 1919లో పెట్టినది. కొలువులోని ఒకరి అబ్బాయికి చూపు లేదు, సంగీతం నేర్చుకుంటానన్నాడు, రాజుగారు బడే పెట్టించారని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. చూపు సరిగా లేని ద్వారం వెంకటస్వామినాయుడు ఇరవై ఆరేళ్లకే ఇక్కడ వయొలిన్ గురువయ్యారు. ఘంటసాల మధూకరం ఎత్తుకుంటూ చదివింది, సుశీల పాఠం నేర్చింది ఇక్కడే. అనుమతి లేకుండా గదుల్లోకి వెళ్లొద్దు. వరండా బయట అయిదు నిమిషాలు నిలబడండి, సాధన వినిపిస్తుంది. ఊళ్లో కూలిపోకుండా నిలిచినది అదొక్కటే అనిపిస్తుంది, కోట కన్నా ముందు దాన్నే చెప్పాలి నిజానికి.

చివరికి గురజాడ ఇల్లు. పొద్దున్నే వెళితే తలుపు తీసి ఉండదు, అందుకే ఆఖరున పెట్టమంటున్నాను. మ్యాప్ పెట్టుకుంటే బళ్ల రోడ్డు మీద చుట్టూ తిప్పుతుంది. "గురజాడ ఇల్లెక్కడ" అని అడగండి, సందులోంచి దగ్గరదారి చూపిస్తారు. అక్కడి నుంచి స్టేషనుకి ఆటో మాట్లాడుకుంటే మధ్యాహ్నం రైలు అందుతుంది.