జెండర్ పాఠంపై గొడవ: ఒడిశాలోని రాయగడ వైపు బడుల్లో ఏం చేయొచ్చు?

"జెండర్ గుర్తింపు (తాను మగా, ఆడా, మరొకటా అని మనిషి తనను తాను అనుకోవడం) గురించి పిల్లలకు బళ్లో చెప్పొచ్చా?" అంటే, 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న బడి ట్రాన్స్‌జెండర్ పిల్లలకు వివక్ష లేకుండా చదువు చెప్పాలి. ఏ తరగతికి ఏ పాఠమన్నది అందులో లేదు. ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని బడిలో కలుపుకోవడంపై 2021లో ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) పెట్టిన మాన్యువల్‌ను అభ్యంతరాలు రాగానే వెబ్‌సైట్ నుంచి తీసేశారు. అది టీచర్ల కోసం రాసింది, పిల్లల పాఠ్యపుస్తకం కానే కాదు.

రాయగడ, గుణుపురం వైపు తెలుగు మాట్లాడే ఇళ్లకు ఇంకో చిక్కుంది. బళ్లో వాడే ఒడియాలో 'సే' అంటే అతనూ, ఆమె కూడా, క్రియా మారదు. అదే సంగతి ఇంటికొచ్చి తెలుగులో చెప్పాలంటే మామూలుగా 'వచ్చాడు', 'వచ్చింది'ల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. బళ్లో సాఫీగా సాగిన మాట ఇంట్లో తగువుకు దారితీస్తుంది. అందుకే పాఠానికి ముందే తల్లిదండ్రుల్ని పిలిచి, చెప్పబోయేది తెలుగులోనే చదివి వినిపించండి. తోటిపిల్లల్ని ఏడిపించకూడదన్న దగ్గర మొదలుపెట్టండి.