పద్యాల బృందం పెడుతున్న మా అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ కాలనీలో అరవై దాటిన వారిని కూడగట్టి, వారం వారం పద్యాలూ ఛందస్సూ నేర్చుకునే బృందం పెడుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుండి గర్వంతో పాటు గుబులు కూడా నన్ను వదలడం లేదు.

చోటు మేడ మీద వద్దు. కుర్చీలకు చేతులుండాలి, కాగితాల మీద అక్షరాలు పెద్దవిగా ఉండాలి. మొదట ఆటవెలది తీసుకో. పొట్టి, పొడుగు అక్షరాల గుంపులే గణాలు కదా, ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. వేమన పద్యాలు చిన్ననాడే నోటికి వచ్చిన వారికి ఈ లెక్క తెలియకపోయినా నడక తెలిసే ఉంటుంది. ఉత్పలమాల తరువాత చూసుకోవచ్చు.

ఉద్యోగ విరమణ చేసిన ఏడాది నేనూ ఇలాంటి బృందమే నడిపాను. బడిలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన అలవాటు కొద్దీ, రెండో వారమే ఒక పెద్దాయనను లేపి, నేను చదివిన పాదానికి గురులఘువులు, అంటే ఏది పొడుగు అక్షరమో ఏది పొట్టి అక్షరమో, చెప్పమన్నాను. అందులో ‘పుష్పము’ అనే మాట ఉంది. ఆయన ‘పు’ లఘువన్నారు. ‘ష్ప’ వంటి సంయుక్తాక్షరానికి ముందున్నది గురువవుతుందన్న సూత్రం బుర్రకెక్కలేదనుకుని, అందరి ముందూ మూడుసార్లు, ప్రతిసారీ గొంతు పెంచి దిద్దాను. “అలాగేనమ్మా” అని కూర్చుని, కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టుకున్నారు. మరి రాలేదు. ఆసక్తి పోయిందనుకున్నాను. మూడు నెలల తరువాత రైతుబజారులో వారి ఇల్లాలు కనిపించి, ఆయన రోజూ రాత్రి పెన్సిలు పట్టుకుని గురులఘువులు గుర్తిస్తూనే ఉన్నారనీ, ఫ్యాను మోతలో నా మాట వినపడదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారనీ చెప్పింది. వయసు మీద పడితే సన్నని ధ్వనులే ముందు జారిపోతాయని, అందుకే స, ష వంటివి చెవికి అందవని నాకు అప్పటికి తెలియదు. ఆయన చెవిన పడినది ‘పుపము’. దానికి ఆయన చెప్పిన లఘువు సరైనదే. ఆ సాయంత్రమే వారింటికి వెళ్ళవలసింది. రేపు వెళదామనుకుంటూ ఉండగానే వారు కొడుకు దగ్గరకు వేరే ఊరు వెళ్ళిపోయారు.

అందుకని ఎవరినీ లేపి అడగకు. పాదాన్ని బోర్డు మీద రాసి, వారి వైపు తిరిగి చదువు. అరవడం వల్ల ప్రయోజనం లేదు. బ్రిటన్‌లో ఉద్యోగ విరమణ చేసినవారి కోసం 1982లో మొదలైన ‘మూడో వయసు విశ్వవిద్యాలయం’ బృందాలలో పరీక్షలుండవు, సభ్యులే ఒకరికొకరు నేర్పుకుంటారు. నువ్వూ వారితో కలిసి నేర్చుకునే మనిషిలాగే కూర్చో. ఎవరైనా రెండు వారాలు రాకపోతే ఫోను చేసి ఊరుకోవద్దు, ఇంటికే వెళ్ళు.

నీకు గబగబా మాట్లాడే అలవాటు ఉంది. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని పన్నెండో ఎక్కం ఒక్క ఊపిరిలో అప్పజెప్పేదానివి, నేను ముద్దు చేసేదాన్ని. ఇప్పుడు మాత్రం నిదానించు. నాకు కూడా ఎడమ చెవి సరిగా వినపడడం లేదు. మొదటి వారం నేను వస్తాను, ముందు వరుసలో నీ ముఖం కనిపించే చోట ఒక కుర్చీ ఉంచు.