తిమింగలం ఒంటికి అతుక్కుని బతికే పెంకు జీవులైన బార్నకిల్స్‌ను గీకేస్తే దానికి హాయిగా ఉంటుందా?

ఉండదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒక తిమింగలాన్ని చేత్తో తాకి చూశాను.

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో సాన్ ఇగ్నాసియో లగూన్ అనే ఉప్పునీటి మడుగు ఉంది. చలికాలంలో గ్రే వేల్స్ అనే తిమింగలాలు పిల్లల్ని కనడానికి అక్కడికి వస్తాయి. మా చిన్న పడవ ఆగగానే ఒక తల్లి తనంతట తానే పక్కకొచ్చి తల పైకెత్తింది. చర్మం మెత్తగా, నొక్కితే లోపలికి పోయేలా ఉంది. మధ్యమధ్యలో తెల్లటి గట్టి గుండ్రాలు, అంచులు వేలికి గీసుకునేంత పదును. పక్కనున్నాయన ఒకదాన్ని గోటితో లేపబోతే గైడ్ గట్టిగా కసిరాడు. లేపినా వచ్చేది కాదు. ఆ పెంకు పెరిగేకొద్దీ చర్మంలోకి దిగుతుంది, దాని గోడల మధ్య ఖాళీల్లోకి తిమింగలం చర్మమే పెరిగి దూరుతుంది. గీకితే చర్మం కూడా ఊడొస్తుంది. దానంతటది రాలిపోతే గుండ్రటి మచ్చ మిగులుతుంది, అంతే.

పైగా బార్నకిల్ రక్తం తాగే జీవి కాదు. రొయ్యలకూ పీతలకూ చుట్టం. నీళ్లలో కొట్టుకొచ్చే చిన్నచిన్న జీవుల్ని, అంటే ప్లాంక్టన్‌ను పట్టుకు తింటుంది, తిమింగలం దానికి ఊరికే దొరికిన బండి. వాటి పక్కన నేను చెయ్యి వేసి నొక్కినా ఆ తల్లి కదల్లేదు, కాబట్టి అవి ఒంటి మీద ఉన్నందుకు దానికి నొప్పి కూడా ఉండదనే నా నమ్మకం.

గ్రే వేల్స్ సముద్రం అడుగున ఒక పక్కకు ఒరిగి బురద పీల్చి, వడగట్టి తింటాయి. ఎక్కువ వాటికి కుడి పక్కే అలవాటు. ఆ రాపిడికి తల కుడివైపు బార్నకిల్స్ తక్కువగా ఉంటాయి. గీకే పని అవే చేసుకుంటున్నాయి, మన పారలు అక్కర్లేదు.

పార అంటే గుర్తొచ్చింది. తిమింగలం వీపెక్కి పెంకులు చెక్కే వీడియోలు ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. చాలావరకు ఏఐతో చేసినవి. ఒక్క నెత్తుటి చుక్క కనపడదు, కింద మాత్రం 'మానవత్వం బతికే ఉంది' అని కామెంట్లు! తాబేళ్లవి ఇంకా ఘోరం. కొన్నిట్లో నిజంగానే కత్తి పెట్టి బతికున్న తాబేలు డిప్పను గీకుతారు.

రైట్ వేల్ అనే మరో రకం తిమింగలం తల మీది తెల్లటి బుడిపెల్ని కూడా బార్నకిల్స్ అనేవాళ్లున్నారు. అవి మందమెక్కిన దాని సొంత చర్మం. వాటి మీద గుంపులుగా చేరే వేల్ లైస్ అనే చిన్న జీవుల వల్ల తెల్లగా కనిపిస్తాయి. పరిశోధకులు ఏ తిమింగలం ఏదో పోల్చుకునేది ఆ బుడిపెల అమరిక చూసే. వాటినీ శుభ్రం చేస్తామని ఎవరైనా బయల్దేరితే నేను చెప్పగలిగేది ఏమీ లేదు.