మా ఇంటికి వచ్చిన ‘జీవనాధార భత్యం’

సబ్సిస్టెన్స్ అనే ఇంగ్లీషు మాటకు జీవనాధారం, జీవనోపాధి, జీవనభృతి, బతుకుతెరువు అని రకరకాలుగా రాస్తున్నారు, వీటిలో ఏది సరైనది అని మీరు అడిగారు. నిఘంటువు మీ దగ్గర ఉండే ఉంటుంది, అర్థాల జోలికి నేను పోను. ఆ మాట మా ఇంట్లో 14 నెలలు కాపురం చేసింది. ఆ సంగతి చెబుతాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాన్నగారిని సస్పెండ్ చేశారు. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. ఒక ఫైలు కనిపించకుండా పోయింది. చివరిసారి అది ఆయన దగ్గరికే వచ్చినట్టు రిజిస్టరులో ఉంది, అంతే. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి ప్రభుత్వ సర్వీసు నిబంధనల్లోని ఫండమెంటల్ రూల్ 53 ప్రకారం అర్ధవేతన సెలవులో వచ్చేంత డబ్బు, దాని మీద కరువు భత్యం ఇస్తారు. ఇంగ్లీషులో అది సబ్సిస్టెన్స్ అలవెన్సు, ఇంట్లో అందరూ దాన్ని ‘జీవనాధార భత్యం’ అనేవారు. నానమ్మ ఆ మాట విని, "జీవనానికి ఆధారం అంటున్నారు కదా, అయితే జీతం ఇస్తున్నట్టే" అని ఊరట పడింది. అది సగమేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ సగమైనా ఊరికే రాదు. తాను మరే ఉద్యోగం, వ్యాపారం, వృత్తి చేయడం లేదని ఉద్యోగి ధ్రువపత్రం ఇవ్వాలి. నాన్నగారు నెలాఖరున తెల్లకాగితానికి స్కేలుతో మార్జిను గీసి, గుండ్రటి అక్షరాలతో రాసేవారు. ఆఫీసు మెట్లు ఎక్కడానికి మనసొప్పక కాగితం నా చేత పంపేవారు. ఒక నెల ‘వ్యాపారం’ అన్న మాట రాయడం మరిచిపోయారు. గుమాస్తా ఆ చోట ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి ఇచ్చాడు. ఎండలో ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ తిరిగి వచ్చాను. నాన్నగారు ఒక్క మాటా అనకుండా కొత్త కాగితం తీశారు.

అదే గదిలో అమ్మ కుట్టుమిషను నడుస్తోంది. భత్యం ఇంటి అద్దెకు, బియ్యానికి సరిపోయేది. మా ఫీజులకు, నానమ్మ మందులకు వీధిలోవాళ్ల రవికెలే దిక్కు. ‘వృత్తి’ అన్న మాట దగ్గర నాన్నగారి కలం ఆగిపోయింది. "నువ్వు కుడుతున్నావని తెలిస్తే ఇది కూడా ఆపేస్తారేమో" అన్నారు. అమ్మ పెదవుల మధ్య ఉన్న గుండుసూది తీసి, "ఆ కాగితం మీద సంతకం మీది. ఈ బతుకుతెరువు నాది. మీరు రాయండి" అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి నాకు జీవనభృతి, బతుకుతెరువు అన్న ఈ రెండు మాటలూ ఒకటిగా వినిపించవు. భృతి, భరణం, భృత్యుడు, అన్నిటికీ ‘భృ’ ధాతువే మూలం. మోయడం, పోషించడం అని దాని అర్థం. అంటే ఎవరో మోస్తున్నారు, దించేస్తే దిగిపోవాలి. తెరువు అంటే దారి. అందులో మనిషి తన కాళ్ల మీద నడుస్తున్నాడు.

మోసేవాడు దించేస్తే ఏమవుతుందో కోర్టు తీర్పులు చూడండి. శిక్ష పడి అప్పీలు చేసుకున్న ఉద్యోగికి నెలకు 1 రూపాయి భత్యం ఇస్తే చాలన్న నిబంధన మహారాష్ట్రలో ఉండేది! 1983లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కోలారు బంగారు గనుల్లో పనిచేసిన పాల్ ఆంథోనీకి భత్యమే ఇవ్వలేదు. చేతిలో డబ్బు లేక ఆయన విచారణకు వెళ్లలేకపోతే, ఆయన లేకుండానే విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పేసరికి 1999 వచ్చింది. ఇంత బలహీనమైన దాన్ని ‘ఆధారం’ అనడానికి నాకు నోరు రాదు.

పాఠ్యపుస్తకాల్లో కనిపించే ‘జీవనాధార వ్యవసాయం’ కూడా నాకు నచ్చదు. అమ్మ తరఫు తాతగారు మెట్టచేనులో జొన్న, కంది, అనుములు కలిపి వేసేవారు. ఎవరైనా అడిగితే "ఇంటి తిండికి వేసుకున్నాం" అనేవారు. అమ్మడానికి కాదు, తినడానికి అని అంత తేటగా చెప్పే మాట ఉండగా ఇంకొకటి ఎందుకు? 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. కాగితాల మీద ‘ఉపాధి’ అనే ఉంది, కానీ ఎన్నో ఊళ్లలో జనం దాన్ని ‘కరువు పని’ అనే అన్నారు. పేర్లు పెట్టేవాళ్లు ముందు ఊళ్లకు వెళ్లి వినాలి.

ఆ ఫైలు చివరికి పక్క సెక్షను బీరువాలో దొరికింది. నాన్నగారిని తిరిగి తీసుకున్నారు, బకాయిలూ వచ్చాయి. ఆ డబ్బుతో ఆయన మొదట అమ్మ మిషనుకు మోటారు బిగించారు. అమ్మ ఆ తర్వాత ఇరవై ఏళ్లు కుట్టింది.

మీరు అనువదిస్తున్నది సర్వీసు నిబంధనలైతే ‘జీవనభృతి’ అనండి. వ్యవసాయం గురించైతే ‘ఇంటి తిండికి చేసుకునే సేద్యం’ అని రాయండి. మనిషి సొంత కష్టం గురించైతే మాత్రం ‘బతుకుతెరువు’ తప్ప మరో మాట వాడకండి.