ఆ గజం జాగా మీదే

(విజయవాడలో 28 ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరై, ఇప్పుడు రోజూ సైకిలు తొక్కుతున్న పెద్దాయన ఈసారి పాఠకుల సైకిలు ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మాది పటమట. గవర్నర్‌పేటలో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. మూడు నెలలుగా బందరు రోడ్డు మీద సైకిలు మీదే వెళ్తున్నాను. మావారేమో "అంచునే వెళ్ళు, మధ్యకి రాకు" అంటారు. అంచున వెళ్తుంటే ఆటోలు మోచేతిని రాసుకుంటూ పోతున్నాయి. బెంజి సర్కిల్ దగ్గరా, చివర్లో కుడికి తిరిగేటప్పుడూ టెన్షన్‌తో చేతులు చల్లబడుతున్నాయి. ఎలా వెళ్ళాలంటారు?
– పటమట పాఠకురాలు

జవాబు: అమ్మా, మీవారు మీ మంచికే చెప్పారు. కానీ డ్రైవరు సీట్లో కూర్చుంటే లెక్క వేరుగా ఉంటుంది. అంచుకు అతుక్కుని పోయే సైకిలు కనబడితే "పక్కన సందుంది, దూరిపోవచ్చు" అనుకునేవాణ్ణి. స్టీరింగ్ కూడా కదిపేవాణ్ణి కాదు. అదే సైకిలు ఒక గజం లోపలికి ఉందనుకోండి, దాటాలంటే నేను కుడికి జరగాలి, జరగాలంటే అద్దం చూసుకోవాలి, వేగం తగ్గించాలి. ఆ గజం జాగా మీరు తీసుకుంటేనే వెనకవాడు కాస్త ఆగుతాడు. హారన్ కొడతాడు. కొట్టనివ్వండి. హారన్ కొట్టాడంటే మిమ్మల్ని చూశాడనే కదా.

పైగా అంచున ఏముంటాయి? ఇసుక, సీసా పెంకులు, డ్రైనేజీ జాలీలు, ఆపి ఉంచిన కార్లు. కారు తలుపు పూర్తిగా తీస్తే దాదాపు మీటరు బయటికి వస్తుంది. తీసేవాళ్ళు వెనక్కి చూసి తీస్తారని నమ్మకం పెట్టుకోకండి. కార్ల వరస మధ్యలో ఖాళీ వచ్చిందని అందులోకి దూరి మళ్ళీ బయటికి రావద్దు. మీరు బయటికి వచ్చే ఆ క్షణంలోనే వెనకవాడి గుండె జారుతుంది. తిన్నగా ఒకే గీత మీద వెళ్ళండి.

ఇక బెంజి సర్కిల్. పటమట వైపు నుంచి వస్తే మీరు నేరుగా లబ్బీపేట వైపు పోవాలి. మీ పక్కనున్న బండ్లలో సగం ఎడమకు, వారధి వైపు తిరుగుతాయి. మీరు ఎడమ చివర నిలబడితే వాటన్నిటికీ అడ్డమే. అవి తిరగబోయేది మీ ముందు చక్రం మీదుగానే. అందుకని సిగ్నల్‌కు ఓ యాభై గజాల ముందే వెనక్కి చూసుకుని, నేరుగా పోయే బండ్ల వరసలోకి వచ్చేయండి. ఆ వరస మధ్యలోనే ఆగండి. బస్సుకో లారీకో ఎడమ పక్కన మాత్రం ఎప్పుడూ ఆగవద్దు. ముందు చక్రం నుంచి తలుపు దాకా ఉండే ఆ జాగా డ్రైవరుకు సరిగ్గా ఆనదు. బస్సు అద్దంలో డ్రైవరు మొహం మీకు కనబడకపోతే, మీరు ఆయనకు కనబడనట్టే.

కుడి మలుపు సంగతికి వస్తే, నా అనుభవం ఒకటి చెప్పాలి. ఏలూరు రోడ్డు మీద పొద్దున్నే ట్రిప్పు. ముందు పాల క్యాన్లు కట్టుకున్న సైకిలు. ఉన్నట్టుండి కుడిచెయ్యి చాపాడు, చాపిన మరుక్షణం తిరిగాడు. బ్రేకు మీద నిలబడ్డాను. కండక్టరు సంచిలో చిల్లరంతా బస్సు నేల మీద దొర్లింది. దిగి అడిగితే "చెయ్యి చూపించాను కదండీ" అన్నాడు. నిజమే, చూపించాడు. కానీ చెయ్యి చూపించడమంటే దారి అడగడం. ఇచ్చారో లేదో చూసుకోవద్దూ?

అందుకని మలుపుకు బాగా ముందే భుజం మీదుగా వెనక్కి చూడండి. సందుంటే కుడిచెయ్యి తిన్నగా, భుజం ఎత్తున చాపండి. మోచెయ్యి వంచి వేళ్ళు ఆడిస్తే ఎవరికీ అర్థం కాదు. రెండు మూడు సెకన్లు చూపించి, వెనకవాడు తగ్గాడో లేదో ఇంకోసారి చూసి, అప్పుడు కొంచెం కొంచెంగా జరగండి. తిరిగేటప్పుడు మాత్రం రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి.

రద్దీగా ఉందా, ఇదంతా వదిలేయండి. సిగ్నల్ దాటి నేరుగా అవతలి ఎడమ మూలకు వెళ్ళి ఆగండి. అక్కడ సైకిలును కుడివైపుకు తిప్పి పెట్టుకుని, ఆ రోడ్డుకు పచ్చలైటు పడ్డాక వెళ్ళండి. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. సాయంత్రం పూట నేనూ అలాగే పోతాను.

ప్రశ్న: బాబాయిగారూ, ఎడమకు తిరగాలంటే కుడిచేతిని చాపి గుండ్రంగా తిప్పాలని మా అన్నయ్య డ్రైవింగ్ లైసెన్సు పుస్తకంలో ఉంది. సైకిలుకూ అదేనా?
– ఇంటర్ విద్యార్థి, సత్యనారాయణపురం

జవాబు: పుస్తకం కరెక్టే బాబూ. మన దేశంలో బండి స్టీరింగ్ కుడి పక్క ఉంటుంది. డ్రైవరు ఎడమచెయ్యి బయటివాళ్ళకు కనబడదు. అందుకే కుడిచేతినే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలన్నారు. నేనూ అలా తిప్పినవాణ్ణే. నీ సైకిలుకు కిటికీ లేదు కదా, ఎడమచెయ్యి హాయిగా చాపు. ఆ గుండ్రాలు తిప్పితే ఇప్పటి కుర్రాళ్ళు, నువ్వెవరినో పిలుస్తున్నావనుకుంటారు.

ఒక్క జాగ్రత్త. మన సైకిళ్ళకు మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఎడమచెయ్యి చాపితే నీ దగ్గర మిగిలేది అదొక్కటే. కంగారులో గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీంచి ముందుకు పడతావు. కాబట్టి ముందు వేగం తగ్గించుకో, తర్వాత చెయ్యి చూపించు. బీఆర్‌టీఎస్ రోడ్డు మీద పొద్దున్నే జనం పలచగా ఉన్నప్పుడు ఒంటి చేత్తో తొక్కడం వారం రోజులు అలవాటు చేసుకో. చీకటి పడ్డాక ఎంత చెయ్యి చాపినా నల్ల చొక్కా కనబడదు. తెల్ల చొక్కా వేసుకో, వెనక ఎర్రలైటు పెట్టించుకో.

ప్రశ్న: మా నాన్నగారికి 70 దాటాయి. వినికిడి తగ్గింది, మెడ పూర్తిగా తిరగదు. అయినా బ్రాడీపేటలో సైకిలు మానరు. అద్దం పెట్టిస్తే సరిపోతుందా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: పెట్టించండి, హ్యాండిల్‌కు కుడివైపు. కాకపోతే ఉబ్బెత్తు అద్దంలో బండి ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుందని ఆయనకు చెప్పండి. వినబడనివారు మెడ కూడా తిప్పలేకపోతే అద్దం ఒక్కటే చాలదు. కుడికి తిరగాల్సిన ప్రతిచోటా ఎడమ పక్కన ఆపి, దిగి, నడిపించుకుంటూ దాటమనండి. మొత్తానికే మాన్పించే ఉపాయం మాత్రం నన్ను అడక్కండి. మా ఇంట్లో మా అబ్బాయి రోజూ నాతో ఆ గొడవే పెట్టుకుంటున్నాడు.